చెవిలో హోరుకు "అలవాటు చేసుకోండి" అన్న మాట వైద్యం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక ఆరోగ్య పుటలో మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బుల గురించి వారం వారం వివరంగా రాస్తున్నారు. చెవి విషయానికి వస్తే, మార్చి 3న ప్రపంచ వినికిడి దినోత్సవం నాడు ఒక చిన్న వార్త కనిపిస్తుంది, ఆ తర్వాత మళ్లీ ఏడాది దాకా దాని ఊసే ఉండదు. వినికిడి తగ్గిందనీ, చెవిలో ఎడతెగని హోరు వినిపిస్తోందనీ వైద్యుడి దగ్గరకు వెళ్లిన మనిషికి "వయసు పైబడింది, నరం దెబ్బతింది, ఇక చేసేదేమీ లేదు, అలవాటు చేసుకోండి" అని చెప్పి పంపించడం మన హైదరాబాద్ నగరంలో మామూలైపోయింది. అందులో సగమే నిజం. దెబ్బతిన్న కణాలు తిరిగి మొలవవన్నది నిజం. చేసేదేమీ లేదన్నది మాత్రం నిజం కాదు. ఆ రెండో సగం వల్ల ఎంతోమంది ఇళ్లలో మూగగా కుమిలిపోతున్నారు కాబట్టి ఈ లేఖ కాస్త దీర్ఘంగా రాస్తున్నాను.

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ పొందాను. మావారు బాలానగర్‌లోని ఒక కర్మాగారంలో రేకులు కొట్టే ప్రెస్సుల పక్కన ఉద్యోగ జీవితమంతా గడిపారు. అక్కడ చెవులకు పెట్టుకునే రక్షణ పరికరాలు స్టోర్స్ బీరువాలో ఉండేవే తప్ప కార్మికుల చెవుల్లో ఉండేవి కావు. ఇవ్వమని అడిగినవారూ లేరు, పెట్టుకోమని చెప్పినవారూ లేరు. ఆయనకు ముందు హోరు మొదలైంది, తర్వాత మాట తెలియకుండా పోయింది. చూపించుకున్న మొదటి చోట కనీసం వినికిడి పరీక్ష కూడా చేయకుండానే నరాల బలానికని మాత్రలు రాసి, పైన చెప్పిన మాటే చెప్పారు. ఆ తర్వాత సరైన పరీక్ష, సరైన వినికిడి యంత్రం, సరైన సలహా దొరికాక ఆయన జీవితం ఎంత కుదుటపడిందో కళ్లారా చూశాను. చూసినదాన్ని, చదివి తెలుసుకున్నదాన్ని కలిపి మీ పాఠకుల ముందు పెడుతున్నాను.

కర్ణభేరి వెనుక, లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కోక్లియాలో సుమారు 15 వేల రోమ కణాలుంటాయి. ధ్వని కంపనాలను విద్యుత్ సంకేతాలుగా మార్చి శ్రవణ నాడికి అందించేవి అవే. పుట్టుకతో వచ్చిన ఆ కొద్దిపాటి కణాలతోనే జీవితాంతం నెట్టుకురావాలి, ఎందుకంటే పక్షుల్లో అవి మళ్లీ పుడతాయి గానీ మనుషుల్లో పుట్టవు. పెద్ద శబ్దాలు, వయసు, మధుమేహం వంటి జబ్బులు, జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి ఇంజెక్షన్లు, క్యాన్సర్‌కు వాడే సిస్‌ప్లాటిన్ వీటిని దెబ్బతీయగలవు. సాధారణంగా మొదట పోయేవి ఎక్కువ పౌనఃపున్యం గల, అంటే కీచుగా ఉండే, ధ్వనులను పట్టే కణాలు. శబ్దం వల్ల కలిగిన నష్టమైతే వినికిడి పరీక్ష ఫలితాన్ని గీతగా చూపే ఆడియోగ్రామ్‌లో 4000 హెర్ట్జ్ (పౌనఃపున్యపు కొలత) దగ్గర ఒక గుంటలా కనిపిస్తుంది. మావారి ఆడియోగ్రామ్‌లో ఆ గుంట ఎంత స్పష్టంగా ఉందంటే, ఆ కాగితం చూసిన ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) ముందుగా అడిగిన ప్రశ్న "మీరు ఏ ఫ్యాక్టరీలో పనిచేశారు?" అన్నదే.

ఈ క్రమం తెలియకపోవడం వల్ల ఇళ్లలో చాలా అపార్థాలు పుడుతున్నాయి. మన తెలుగు మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి. అచ్చులు తక్కువ పౌనఃపున్యంలో, బలంగా వినిపిస్తాయి. కప్పు, తప్పు, పప్పు అనే మాటలను వేరు చేసేవి మొదటి హల్లులు. అవి బలహీనమైనవి, క్షణకాలంలో పోయేవి. స, శ, చ వంటి ధ్వనుల బలమంతా పై పౌనఃపున్యాల్లోనే ఉంటుంది. కాబట్టి వినికిడి తగ్గుతున్న మనిషికి ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, గొంతు వినిపిస్తుంది, ఏమన్నారో మాత్రం తెలియదు. "వినిపిస్తోంది కానీ అర్థం కావడం లేదు" అని ఆయన అంటే, "కావలసినప్పుడు బాగానే వినిపిస్తుంది, మనం పని చెప్పినప్పుడే వినిపించదు" అని ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎదురుగా కూర్చుని మాట్లాడితే అర్థమై, పెళ్లి భోజనాల దగ్గర అర్థం కాకపోవడం నటన కాదు. ఈ లోపం స్వభావమే అది. మన సినిమాల్లో దశాబ్దాలుగా చెవిటి పాత్రను నవ్వించడానికే వాడుకున్నారు. ఆ నవ్వుకు భయపడే చాలామంది పెద్దలు తమ ఇబ్బందిని సంవత్సరాల తరబడి దాచిపెడుతున్నారని నా నమ్మకం.

ఇక హోరు సంగతి. దీన్ని వైద్యులు టినిటస్ అంటారు. కొందరికి గుయ్ మని, కొందరికి కీచురాళ్ల మోతలా, కొందరికి ప్రెషర్ కుక్కర్ ఆవిరిలా వినిపిస్తుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో దాదాపు ప్రతి ఏడుగురిలో ఒకరికి ఇది ఎప్పుడో ఒకప్పుడు అనుభవమవుతుంది. జీవితాన్ని అతలాకుతలం చేసే స్థాయిలో బాధపడేవారు అందులో కొద్దిమందే. ఇది పిచ్చి కాదు, గాలి సోకడం కాదు, లేనిపోని భ్రమా కాదు. చెవి నుంచి రావలసిన సంకేతాలు తగ్గినప్పుడు, ఆ లోటును పూడ్చుకోవడానికి మెదడులోని శ్రవణ వ్యవస్థ తన సున్నితత్వాన్ని పెంచుకుంటుందన్నది శాస్త్రజ్ఞులు ఎక్కువగా అంగీకరిస్తున్న వివరణ. స్టేషన్ సరిగా అందని రేడియోకు వాల్యూమ్ పెంచితే గరగర పెరిగినట్టే ఇదీ. మెదడు ఆ శబ్దాన్ని ప్రమాద సూచనగా భావిస్తే దానిమీదనే ధ్యాస నిలుస్తుంది, ఆందోళన పెరుగుతుంది, నిద్ర పోతుంది, నిద్ర లేనందువల్ల మర్నాడు హోరు మరింత బాధిస్తుంది. ఈ చక్రాన్ని తెంచడమే చికిత్స లక్ష్యం. శబ్దాన్ని పూర్తిగా మాయం చేయడం చాలామందిలో సాధ్యం కాకపోయినా, అది ఉన్నా పట్టించుకోకుండా ఉండగలిగే స్థితికి మనిషిని తీసుకురావడం సాధ్యమే.

చికిత్సల సంగతికి వెళ్లేముందు, ఆలస్యం చేయకూడని సందర్భాలను చెప్పితీరాలి. రాత్రి బాగానే ఉండి, తెల్లవారి లేచేసరికి ఒక చెవి మూసుకుపోయినట్టయి వినికిడి ఒక్కసారిగా పడిపోతే అది అత్యవసర పరిస్థితి. జలుబు చేసిందనో, స్నానంలో నీళ్లు పోయాయనో, గుబిలి అడ్డుపడిందనో అనుకుని పది రోజులు గడిపేవారే ఎక్కువ. లోపలి చెవికి హఠాత్తుగా వచ్చిన ఈ దెబ్బకు స్టెరాయిడ్లతో చికిత్స చేస్తారు. అది మొదటి రోజుల్లో, ఆలస్యమైనా రెండు వారాల లోపు మొదలుపెడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. ఆ గడువు దాటిందంటే అవకాశం తరిగిపోతుంది. అందువల్ల అదే రోజు, కుదరకపోతే మర్నాడు, చెవి, ముక్కు, గొంతు వైద్యుడి దగ్గరకు వెళ్లి వినికిడి పరీక్ష చేయించుకోవాలి. అలాగే హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకునే లయతో కలిసి వినిపిస్తున్నా, దానితో పాటు కళ్లు తిరగడం, మాట తడబడటం, ముఖం ఒక పక్కకు లాగడం, చెవి నుంచి చీమో రక్తమో కారడం వంటివి ఉన్నా దాన్ని వయసు ఖాతాలో వేసి ఊరుకోకూడదు. ఒక చెవిలోనే హోరుతో పాటు వినికిడి తగ్గినప్పుడు శ్రవణ నాడి మీద గడ్డ ఏమైనా ఉందేమో ఎంఆర్‌ఐ ద్వారా చూడవలసి రావచ్చు. అటువంటివి అరుదే అయినా, చూస్తే గానీ లేవని చెప్పలేం.

ఈ అత్యవసరాలు కానప్పుడు మొదట జరగవలసింది ఆడియోమెట్రీ. శబ్దాలు రాని గదిలో కూర్చోబెట్టి, 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు ఒక్కో స్వరం ఎంత మెల్లగా ఉన్నా వినిపిస్తుందో చూసే ఈ పరీక్షకు సూది పోటు లేదు, నొప్పి లేదు. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రిలో ఇది జరుగుతుంది. లోపం బయటి, మధ్య చెవుల్లో ఉందా, లోపలి చెవిలో ఉందా అన్నది ఈ పరీక్షతోనే తేలుతుంది. గుబిలి గడ్డకట్టడం, కర్ణభేరికి రంధ్రం పడటం, మధ్య చెవిలోని చిన్న ఎముక బిగుసుకుపోవడం వంటి వాటికి శుభ్రపరచడంతోనో, శస్త్రచికిత్సతోనో బాగయ్యే అవకాశం ఉంది. పరీక్ష లేకుండా "నరం దెబ్బతింది" అన్న తీర్పు ఇవ్వడం ఈ అవకాశాన్ని మనిషికి దక్కకుండా చేయడమే. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసుకోవడం, అగ్గిపుల్లతో, పిన్నీసుతో తిప్పుకోవడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. కర్ణభేరికి రంధ్రం ఉన్న చెవిలో నూనె పోస్తే ఏమవుతుందో పెద్దలు ఒక్కసారి ఆలోచించాలని వేడుకుంటున్నాను.

హోరుకు మాత్ర ఉందా అని అందరూ అడుగుతారు. హోరును తగ్గిస్తుందని గట్టిగా రుజువైన మందు ఇప్పటి వరకు లేదు. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2014లో వెలువరించిన మార్గదర్శకాలు జింకో బైలోబా అనే మూలిక, జింక్, మెలటోనిన్ వంటివాటిని హోరు కోసం సిఫారసు చేయవద్దని స్పష్టంగా చెప్పాయి. అవే మార్గదర్శకాలు వినికిడి లోపం ఉన్నవారికి యంత్రాలను పరిశీలించాలనీ, బాధ ఎక్కువగా ఉన్నవారికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని సూచించాలనీ అన్నాయి. ఈ రెండో పద్ధతిలో శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణులు హోరు పట్ల మన ఆలోచనను, భయాన్ని, స్పందనను క్రమంగా మార్చడానికి సహాయపడతారు. మానసిక నిపుణుల దగ్గరకు పంపితే తమను పిచ్చివాళ్ల కింద జమకట్టారని మనవాళ్లు నొచ్చుకుంటారు. అందుకు కారణమేమిటో వివరించి పంపే ఓపిక వైద్యులకు ఉండాలి. రాత్రి పూట పూర్తి నిశ్శబ్దంలో హోరు పెద్దగా తోస్తుంది కనుక ఫ్యాను శబ్దమో, వాన శబ్దమో, తంబూరా శ్రుతో హోరును పూర్తిగా కప్పేయకుండా మెల్లగా నడుస్తూ ఉంటే చాలామందికి నిద్ర పడుతుంది. మావారికి అన్నిటికన్నా ముందు ఉపశమనమిచ్చింది ఇదే. దీనికి ఖర్చు లేదు, కానీ మొదట వెళ్లిన చోట ఈ ఒక్క మాట చెప్పినవారు లేరు.

వినికిడి యంత్రం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేదీ, మనసు విరిగేదీ ఇక్కడే. యంత్రం కొని నెల తిరక్కుండా బీరువాలో పెట్టేసినవారు ప్రతి వాడలోనూ ఉన్నారు. చాలా సందర్భాల్లో తప్పు యంత్రానిది కాదు, అమర్చిన పద్ధతిది. కళ్లజోడు పెట్టుకోగానే చూపు తేరుకుంటుంది, చెవి యంత్రంతో అలా జరగదు. ఏళ్ల తరబడి హల్లులు వినని మెదడుకు అవి మళ్లీ వినిపించడం మొదట చికాకే. గరిటె కిందపడిన చప్పుడు, ప్లాస్టిక్ సంచి గలగల భరించలేనంతగా తోస్తాయి. కొన్ని వారాల పాటు రోజూ పెట్టుకుంటే మెదడు సర్దుకుంటుంది. ఆ వారాల్లో ఆడియాలజిస్టు రెండు మూడు సార్లు మళ్లీ పిలిచి, ఆడియోగ్రామ్ ప్రకారం ప్రోగ్రామింగ్ సరిచేయాలి. వీలైతే చెవి లోపల సన్నని మైక్రోఫోను గొట్టం ఉంచి, కర్ణభేరి దగ్గరకు నిజంగా ఎంత ధ్వని చేరుతోందో కొలవాలి. మన దగ్గర కొన్ని దుకాణాల్లో యంత్రం అమ్మడంతో పని అయిపోయిందనుకుంటారు. ఈ తదుపరి సేవలు ధరలో కలిసి ఉన్నాయా లేవా అని కొనేముందే అడగాలి. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు దొరికే శబ్దం పెంచే పరికరాలు అన్ని ధ్వనులనూ ఒకే తీరుగా పెంచుతాయి, మనిషి లోపానికి తగినట్టు పెంచవు. రెండు చెవుల్లోనూ లోపం ఉన్నవారికి సాధారణంగా రెండు యంత్రాలు మేలు, శబ్దం ఎటువైపు నుంచి వస్తోందో తెలియడానికి రెండు చెవులూ కావాలి. వానాకాలంలో తేమ తగలకుండా రాత్రి పూట సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టుకుంటే ఎక్కువకాలం మన్నుతాయి.

ధర పేదలకు అందనిదే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాలున్నవారి కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ పేరు ఒకప్పటి ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌ది కావడం మన నగరానికి గర్వకారణం. వికలాంగులకు సహాయ పరికరాలు అందించే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద ఆదాయ పరిమితికి లోబడి యంత్రాలు ఇస్తారు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న వృద్ధులకు ఇటువంటి పరికరాలు ఇవ్వడం కోసం 2017లో రాష్ట్రీయ వయోశ్రీ యోజన వచ్చింది. అయితే ఇక్కడ ఒక పెద్ద ఖాళీ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెళ్ల (ధ్వని తీవ్రత కొలత) లోపం ఉంటే గానీ వినికిడి వైకల్యం కింద లెక్కకు రాదు. మెరుగైన చెవిలో 35 డెసిబెళ్లు దాటిన లోపాన్నే ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవితాన్ని ఆటంకపరిచే లోపంగా పరిగణిస్తోంది. ఈ రెండు గీతల మధ్య చిక్కుకున్నవారు ఇంట్లో మాట అందుకోలేరు, ధ్రువపత్రానికీ అర్హులు కారు. వారి గురించి ఏ పథకం ఆలోచించాలో ప్రభుత్వం తేల్చాలి.

వినికిడి తగ్గినవారు క్రమంగా మనుషుల్లో కలవడం మానేస్తారు. చిత్తవైకల్యానికి (డిమెన్షియా) దారితీసే కారణాల్లో మనం సరిదిద్దుకోగలిగినవాటిలో వినికిడి లోపం ఒకటని లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ 2020లోనూ, 2024లోనూ చెప్పింది. ఇంట్లోవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. ముఖం కనబడేలా, వెలుతురులో, టీవీ కట్టేసి, కొంచెం నెమ్మదిగా మాట్లాడాలి. అరవకూడదు, అరిస్తే దెబ్బతిన్న చెవిలో మాట చెదిరిపోయి నొప్పిగా తగులుతుంది. అర్థం కాకపోతే అదే మాటను మరింత గట్టిగా తిరిగి అనకుండా వేరే మాటలతో చెప్పాలి. "ఏం లేదులే, నీకు తర్వాత చెప్తాలే" అన్న మాట మాత్రం దయచేసి అనవద్దు. ఆ మాట తర్వాత మావారు భోజనాల బల్ల దగ్గర నుంచి లేచి వెళ్లిపోవడం చూశాను.

ఇప్పుడు పిల్లల, యువకుల సంగతి. 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చనీ, ఆపై పెరిగే ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగానికి తగ్గుతుందనీ వృత్తి ఆరోగ్య నిపుణులు లెక్కకట్టారు. ఆ లెక్కన 100 డెసిబెళ్ల దగ్గర 15 నిమిషాలే. బరాత్‌లో డీజే పెట్టెల ముందు గంటల తరబడి గంతులేసే పిల్లవాడి చెవుల్లో ఆ రాత్రి వినిపించే గుయ్ మనే శబ్దం మర్నాటికి తగ్గిపోవచ్చు, కానీ అది రోమ కణాలకు తగిలిన దెబ్బకు గుర్తు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లకు మించరాదనీ, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు మోగరాదనీ, ఆస్పత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ఉంచాలనీ చెబుతున్నాయి. 2024లో నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. అది ఏ ఒక్క మతానికీ వ్యతిరేకం కాదు, అందరి పిల్లల చెవుల కోసమే అని నేను భావిస్తున్నాను. పెళ్లి ఊరేగింపులకూ అదే పట్టుదల కనబరచాలి. కర్మాగారాల మాటకొస్తే, శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపాన్ని 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులోనే తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల్లో చేర్చారు. జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరుల్లో పనిచేసే ప్రతి కార్మికుడికీ ఏటా ఆడియోగ్రామ్ తీసి, ఆ కాగితం అతని చేతికే ఇస్తే, 4000 హెర్ట్జ్ దగ్గర గుంట పడటం మొదలైన ఏడాదే జాగ్రత్తపడవచ్చు.

ఆరోగ్య శాఖను నేను కోరేది పెద్ద భవనాలు కాదు. 2018 నుంచి మన వీధుల్లో బస్తీ దవాఖానాలు ఉన్నాయి. అక్కడ బీపీ, షుగరు చూసినట్టే, యాభై దాటిన ప్రతివారినీ వినికిడి గురించి, హోరు గురించి అడిగి, చెవిలో గుబిలి ఉందేమో చూసి, అవసరమైనవారిని ఆడియోమెట్రీకి పంపే ఏర్పాటు చేయాలి. యాభై ఏళ్ల నుంచి ఇటువంటి పరీక్షలు జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. ఆస్పత్రుల్లో, ముఖ్యంగా చెవి విభాగాల్లో, రోగుల పేర్లను కేకవేసి పిలుస్తున్నారు. వినపడని మనిషి తన వంతు ఎప్పుడు దాటిపోయిందో తెలియక మధ్యాహ్నం దాకా బల్లమీద కూర్చోవడం నేను చూశాను. టోకెన్ నంబరు కనిపించే ఒక చిన్న బోర్డు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఒక ఈఎన్‌టీ వైద్యులు, ఒక ఆడియాలజిస్టు కలిసి పాఠకుల సందేహాలకు జవాబిచ్చే శీర్షికను నెలకొకసారైనా నడపండి. అందుకు ఫోన్ ఇన్ కార్యక్రమం పెట్టకండి. ఈ ఇబ్బంది ఉన్నవారికి ఫోన్‌లో వినడమే అన్నిటికన్నా కష్టం. ఉత్తరాల ద్వారా, వాట్సాప్ సందేశాల ద్వారా ప్రశ్నలు తీసుకుని, జవాబులను పెద్ద అక్షరాల్లో అచ్చువేయండి.

భవదీయురాలు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకురాలు,
తార్నాక, హైదరాబాద్